హైటెక్ సిటీ పేరుతో రెండు స్టేషన్లున్నాయి సార్, వాటిని కలపండి

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, నేను ఉండేది హైదరాబాద్ చందానగర్‌లో, ఉద్యోగం సైబర్ టవర్స్ వైపు. పొద్దున ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే మధ్యలో ఒక్క హఫీజ్‌పేట, తర్వాత హైటెక్ సిటీయే. కనీస టికెట్ 5 రూపాయలు, ట్రాఫిక్ గొడవ లేదు. కానీ స్టేషన్ బయటికొచ్చాకే అసలు కష్టం మొదలవుతుంది, ఎందుకంటే ఈ హైటెక్ సిటీ స్టేషన్ వేరు, మెట్రో హైటెక్ సిటీ స్టేషన్ వేరు, రెండిటికీ మధ్య సుమారు రెండు కిలోమీటర్లు, ఆఫీసులు ఎక్కువగా ఉన్నదేమో ఆ మెట్రో వైపు.

పోయినేడు మా చిన్నమ్మ కొడుకు ఇంటర్వ్యూ కోసం అనకాపల్లిలో జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి లింగంపల్లిలో దిగాడు, రాత్రికి మా ఇంట్లో ఉన్నాడు. కంపెనీ వాళ్ళు "హైటెక్ సిటీ స్టేషన్ పక్కనే" అని చెప్పారట, వాడు తెల్లారి ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీ అని రాసున్న చోట దిగి ఆ బిల్డింగ్ కోసం చుట్టుపక్కలంతా వెతికాడు, చివరికి ఎవరో చెప్తే ఎండలో ఫైలు పట్టుకుని నడిచాడు. షర్టంతా తడిసిపోయి లోపలికి వెళ్ళాల్సొచ్చిందని చెప్పినప్పుడు నాకు చాలా బాధనిపించింది, ముందే చెప్పి పంపాల్సింది నేను, రోజూ అదే దారిలో వెళ్తాను కదా.

కలపడం చేతకాక కాదు సార్. భరత్‌నగర్ చూడండి, లక్డీకాపూల్ చూడండి, మలక్‌పేట చూడండి, రైలు దిగి నాలుగడుగులు వేస్తే మెట్రో. ఎంఎంటీఎస్ 2003లో వచ్చింది, రాయదుర్గం దాకా మెట్రో 2019లో వచ్చింది. మెట్రో రూటు అలా వెళ్ళింది, ఇప్పుడు స్టేషన్లని జరపమని ఎవరూ అడగట్లేదు. అడిగేదల్లా ఆ రెండు కిలోమీటర్లకి ఒక బస్సు.

ఆ రోడ్డు మీద బస్సులు తిరగవని కాదు. రైలు టైము చూసుకుని వచ్చే బస్సు కావాలి. మెట్రో ఒకటి పోతే కొద్ది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది, ఎంఎంటీఎస్ అలా కాదు, సాయంత్రం ఒకటి తప్పిపోతే ప్లాట్‌ఫారం మీద చాలాసేపు కూర్చోవాల్సిందే, అందుకని బస్సు టైములు ఎంఎంటీఎస్‌ని బట్టే పెట్టాలి, రైలు పది నిమిషాలు లేటైతే బస్సు కూడా ఆగాలి, డ్రైవర్‌కి ఆ కబురు అందాలి. ఇది పెద్ద ఇంజనీరింగ్ పనేం కాదు, రెండు ఆఫీసులు మాట్లాడుకుంటే అయిపోయే పని.

మాట్లాడుకోవడానికి వేదిక కూడా ఉంది. 2008 నాటి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చట్టంలోనే యూనిఫైడ్ మెట్రోపాలిటన్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ ఉంది, బస్సు, రైలు, మెట్రో అన్నీ ఒకచోట కూర్చుని ప్లాన్ చేయడానికే. ఆర్టీసీ మీ శాఖదే. ఎంఎంటీఎస్ రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రం వాటాయే. మెట్రోని కూడా దాన్ని కట్టిన ఎల్ అండ్ టీ కంపెనీ నుంచి తీసుకోవడానికి 2025 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ఒప్పుకుంది. అంటే మూడింట్లోనూ మీ మాట చెల్లుతుంది సార్, ఇంతకంటే మంచి సమయం ఇంకెప్పుడు.

ఇంకోటి, మహాలక్ష్మి పథకం వల్ల 2023 డిసెంబర్ నుంచి మా ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బులు కట్టే పని లేదు, చాలా మేలు జరిగింది, నాలాంటి వాళ్ళకి నెలకి మిగిలేది తక్కువేం కాదు. ఆ బస్సు స్టేషన్ గేటు ముందే ఉంటే ఆటోకి పెట్టే డబ్బులూ మిగులుతాయి, చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ఒంటరిగా నడిచే పనీ తప్పుతుంది.

పేర్ల సంగతి కూడా చూడండి. మెట్రో స్టేషన్ పేరుకి సైబర్ టవర్స్ అని కలిపితే చాలు, కొత్తగా ఊరొచ్చిన వాళ్ళు తప్పిపోరు. అప్పటిదాకా ఎంఎంటీఎస్ ప్లాట్‌ఫారం మీద తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషులో ఒక బోర్డు పెట్టించమని రైల్వే వాళ్ళని అడగండి, మెట్రోకి ఎటు వెళ్ళాలి, ఎంత దూరం, బస్సు ఎక్కడ ఆగుతుంది, అంతే.

ముందు రెండే బస్సులతో మొదలుపెట్టండి, పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 9. మూడు నెలలు నడిపి ఎంతమంది ఎక్కారో లెక్క తీయించండి. మొదటి రోజు ఎక్కేవాళ్ళలో నేనుంటాను.

ఇట్లు,
చందానగర్ నుంచి రోజూ ఎంఎంటీఎస్‌లో వెళ్ళే ఒక ఉద్యోగిని