అయిదింట మూడు వంతుల లెక్క

సంపాదకులకు,

అమెరికా రాజ్యాంగం నల్లవారిని ‘మనిషిలో అయిదింట మూడు వంతులు’గా చూసిందని తరచూ రాస్తుంటారు. అసలు మతలబు వేరు. ప్రతినిధుల సభలో (పార్లమెంటు దిగువ సభ) ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో జనాభాను బట్టి తేల్చే లెక్క అది. స్వేచ్ఛగా ఉన్న నల్లవారిని పూర్తిగానే లెక్కించారు. కోత బానిసల లెక్కకే, వాళ్ల సంఖ్యలో అయిదింట మూడు వంతులే కలిపారు. బానిసలనూ పూర్తిగా లెక్కించాలని పట్టుబట్టింది బానిస యజమానులే. ఓటు లేని బానిసల సంఖ్య పెరిగితే సీట్లు యజమానులకే పెరుగుతాయి మరి! 1787లో రాజ్యాంగం రాసేటప్పుడు ఫిలడెల్ఫియాలో కుదిరిన బేరం ఇది. ‘బానిస’ అన్న మాట మాత్రం రాయలేదు, ‘ఇతర వ్యక్తులు’ అని సరిపెట్టారు.

1790 జనగణనతో చూడండి. వర్జీనియాలో బానిసలు కాక 4,54,983 మంది, బానిసలు 2,92,627 మంది. బానిసల్లో అయిదింట మూడు వంతులు కలిపితే 6,30,559. 33,000 మందికి ఒక సీటు, మిగులు వదిలేయడం. అలా 19 సీట్లు. బానిసలను లెక్కించకపోతే 13. పెన్సిల్వేనియాలో బానిసలు కానివారు 4,30,636 మంది, అంటే తేడా పాతిక వేల లోపే. దానికి దక్కినవి 13. అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఎలక్టర్ల సంఖ్యా సీట్లను బట్టే కాబట్టి ఆ అదనపు వాటా అక్కడికీ పాకింది. 1800 అధ్యక్ష ఎన్నికలో వర్జీనియాకు చెందిన జెఫర్సన్ 73–65 ఎలక్టర్ల ఓట్లతో ఆడమ్స్‌ను ఓడించడం వెనక ఈ అదనపు ఓట్లున్నాయి.

1868లో రాజ్యాంగ 14వ సవరణ ఈ లెక్కను తీసేసింది. వింతేమిటంటే, తర్వాత దక్షిణాది రాష్ట్రాలు నల్లవారిని పూర్తిగా లెక్కలో చూపి సీట్లు పెంచుకున్నాయి. పోలు పన్ను (ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను), అక్షరాస్యత పరీక్షలతో ఓటు మాత్రం దక్కనివ్వలేదు. అలా ఓటు లాగేస్తే ఆ రాష్ట్రం సీట్లు తగ్గించాలని అదే సవరణలో రాసి ఉంది. ఒక్కసారీ తగ్గించలేదు.

– ఒక పాఠకుడు, గుంటూరు