పెరిటోనియల్ డయాలసిస్‌లో ఆయాసం: ఎక్కువ గాఢత ఉన్న బ్యాగు పెట్టే ముందు

సంపాదకులకు,

పొట్టలోకి గొట్టం (కాథెటర్) ద్వారా ద్రవం నింపి, కొన్ని గంటల తర్వాత బయటికి తీసి రక్తాన్ని శుభ్రం చేసే పెరిటోనియల్ డయాలసిస్ మొదలుపెట్టిన రోజు నుంచే పొట్టలో ఇన్‌ఫెక్షన్ గురించి రోగులకు పదేపదే చెబుతాం. బయటికొచ్చే ద్రవం మబ్బుగా ఉంటే వెంటనే రావాలని ఇంట్లో వాళ్లకూ తెలుసు. ఊపిరితిత్తుల సంగతి మాత్రం అంతగా చెప్పం. అందుకే ఆయాసం రాగానే ఒంట్లో నీరు పెరిగిందనుకుని, 1.5 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) బ్యాగు బదులు నీటిని ఎక్కువగా లాగే 2.5 శాతమో 4.25 శాతమో పెట్టేస్తారు. చాలాసార్లు ఆ ఊహ నిజమే, ఆ బ్యాగుతో నీరు తగ్గుతుంది కూడా. కానీ కొందరిలో అదే బ్యాగు ఆయాసాన్ని పెంచుతుంది. ఆ కొందరిని ముందే గుర్తుపట్టాలన్నదే మా ఆరాటం.

పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రంలో కొందరికి పుట్టుకతోనే సన్నని రంధ్రాలో, పలచబడిన చోట్లో ఉంటాయి. డయాలసిస్ లేనంతకాలం వాటితో ఇబ్బంది ఉండదు. పొట్టలో రెండు లీటర్లు నింపాక లోపలి ఒత్తిడి పెరుగుతుంది; దగ్గినా ముక్కినా ఇంకా పెరుగుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ద్రవం పైకి వెళ్లి ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల మధ్య చేరుతుంది. దీన్ని హైడ్రోథొరాక్స్ అంటారు. ఎక్కువగా కుడివైపే వస్తుంది. సుమారు 2 శాతం మందిలో కనిపించే సమస్య ఇది; తరచుగా తొలి నెలలోనే బయటపడుతుంది, ఏళ్లు గడిచాక వచ్చినవారూ ఉన్నారు. 4.25 శాతం ద్రవం రక్తంలోంచి మరింత నీటిని పొట్టలోకి లాగుతుంది. పొట్టలో ద్రవం పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, పైకి పోయేదీ పెరుగుతుంది.

తేడా పట్టిచ్చేది రోజూ రాసే నోటుబుక్కే. ఒంట్లో నీరు పెరిగితే బరువుతో పాటు బీపీ పెరుగుతుంది, చీలమండలు వాస్తాయి, రెండు ఊపిరితిత్తుల్లోనూ నీరు చేరి ఆయాసం వస్తుంది. ద్రవం ఛాతీలోకి లీకైతే లెక్క వేరు. 2000 మి.లీ. నింపితే 1700 మాత్రమే వస్తుంది, తర్వాతిసారి ద్రవం మార్చే ఎక్స్ఛేంజ్‌లోనూ అంతే. బరువు పెరుగుతుంది, కాళ్ల వాపు మాత్రం అంతగా ఉండకపోవచ్చు. నింపాక, ముఖ్యంగా పడుకున్నాక ఆయాసం ఎక్కువై, ద్రవం బయటికి వచ్చి డ్రెయిన్ అయ్యాక కాస్త తెరిపినిస్తుంది. కొందరికి పొడి దగ్గు తప్ప ఏమీ ఉండదు, కొందరికి అదీ ఉండదు. మలబద్ధకం ఉన్నా, గొట్టం మెలిపడినా, అందులో ఫైబ్రిన్ (తెల్లని ప్రొటీన్ పోగులు) అడ్డుపడినా, కాథెటర్ కొస పక్కకు జరిగినా డ్రెయిన్ తగ్గుతుంది కాబట్టి ఒకసారి తగ్గిందని కంగారు పడక్కర్లేదు. తగ్గిన డ్రెయిన్, ఆయాసం రెండూ కలిసి వస్తే మాత్రం అదే రోజు ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. బరువు రోజూ ఒకే వేళ, పొట్ట ఖాళీ చేశాక చూడాలి. లోపలున్న రెండు లీటర్లు రెండు కిలోలు కదా!

ఆయాసం వస్తే కూర్చోబెట్టి, ద్రవమంతా డ్రెయిన్ చేయాలి. మళ్లీ నింపకుండా డయాలసిస్ యూనిట్‌కు ఫోన్ చేయాలి. రాత్రి ద్రవం మార్చే మెషీన్ మీద ఉంటే చికిత్స ఆపి మాన్యువల్ డ్రెయిన్ పెట్టాలి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలిరంగుకు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మగతగా ఉన్నా డ్రెయిన్ పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు. నోటుబుక్కు పట్టుకుని ఎమర్జెన్సీకి వెళ్లాలి.

జ్వరం, కఫం ఉంటే న్యుమోనియా కావచ్చు. కిడ్నీ రోగుల్లో క్షయ ముప్పు ఎక్కువ. వారాల తరబడి సాయంత్రం జ్వరం, ఆకలి మందగించడం ఉంటే దాన్నీ చూడాలి. క్షయతో ఒళ్లు తగ్గుతున్నా చేరిన నీరు ఆ తగ్గుదలను బరువులో కనిపించనివ్వదు.

క్యాజువాలిటీలో ఉండే డాక్టర్లను ఒక్కటి కోరుతున్నాం. పెరిటోనియల్ డయాలసిస్ రోగికి ఛాతీలోంచి నీరు తీస్తే ప్రొటీన్, కణాల పరీక్షతో పాటు గ్లూకోజు కూడా పంపండి, అదే సమయంలో రక్తంలో గ్లూకోజూ చూడండి. ప్రొటీన్ తక్కువగా ఉండి, ఛాతీ నీటిలో గ్లూకోజు రక్తంలో కంటే 50 మి.గ్రా./డె.లీ.కు మించి ఎక్కువగా ఉంటే అది డయాలసిస్ ద్రవమేనని గట్టిగా అనుమానించాలి. ఐకోడెక్స్‌ట్రిన్ (గ్లూకోజు లేని డయాలసిస్ ద్రవం) వాడుతున్నవారిలో, డయాలసిస్ ఆపి కొన్ని గంటలైనవారిలో ఈ తేడా కనిపించకపోవచ్చు. అప్పుడు ద్రవంలో కొద్దిగా రేడియోధార్మిక పదార్థం కలిపి తీసే ఐసోటోప్ స్కాన్ గానీ, పొట్టలోకి కాంట్రాస్ట్ (స్కాన్‌లో కనిపించే మందు) ఇచ్చి తీసే సీటీ గానీ దారి చూపుతుంది.

లీకని తేలితే పెరిటోనియల్ డయాలసిస్ శాశ్వతంగా పోయిందని రోగులు బెంగపడతారు, ఆ భయంతో ఆయాసం దాచేవాళ్లూ ఉంటారు. కొన్ని వారాలు రక్తాన్ని యంత్రంతో శుభ్రం చేసే హీమోడయాలసిస్‌కు మారి పొట్టకు విశ్రాంతినిస్తే కొందరిలో లీకు దానంతటదే మూసుకుంటుంది. తర్వాత తక్కువ ద్రవంతో మళ్లీ మొదలుపెడతాం. అలా కుదరనివారికి ఊపిరితిత్తి పొరలను అతికించే ప్లూరోడెసిస్ గానీ, ఛాతీలోకి కెమెరా పంపే థొరాకోస్కోపీతో రంధ్రం మూయడం గానీ చేయించవచ్చు.

– పెరిటోనియల్ డయాలసిస్ యూనిట్‌లో పనిచేసే నెఫ్రాలజిస్టులు, నర్సులు