కాలనీ సంక్షేమ సంఘం, నల్లగొండ: వార్షిక నివేదిక – ఆరోగ్య విభాగం

గౌరవ సభ్యులకు నమస్కారం. వీధి దీపాలు, కాలువల పూడికతీత, వినాయక చవితి జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నందున, ఈ ఏడాది సంఘాన్ని ఎక్కువగా కలవరపెట్టిన మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరలకు సోకే జబ్బు) విషయానికే ఇక్కడ చోటిస్తున్నాము.

గత చలికాలంలో, చాలా రోజులుగా చెవిలో చీము కారుతున్నా పట్టించుకోని మన పెద్ద సభ్యులొకరికి జ్వరం, తలనొప్పి వచ్చి మెడ బిగుసుకుపోయింది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారు కావడంతో, మెడ పట్టెయ్యడం ఇంట్లోవారికి కొత్తగా అనిపించలేదు. నొప్పి మాత్ర ఇచ్చి పడుకోబెట్టారు. తెల్లవారేసరికి ఆయన కోడలిని గుర్తుపట్టలేకపోయారు. 108లో ఆసుపత్రికి చేర్చాక, వెన్నునీటి పరీక్షలో న్యూమోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చిన మెనింజైటిస్ అని తేలింది. ప్రాణం దక్కింది గాని ఒక చెవి వినికిడి పోయింది.

తరువాత ఏర్పాటు చేసిన అవగాహన సమావేశంలో వైద్యులు ముందుగా ఒక పొరపాటును సరిదిద్దారు. మనం అన్నిటినీ మెదడువాపు అనేస్తాము. దోమకాటుతో వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వేరు, మెదడును, వెన్నుపామును కప్పి ఉండే పొరలకు బ్యాక్టీరియా సోకే ఈ జబ్బు వేరు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే ఫ్లోరోసిస్ బిగువు ఏళ్ల తరబడి పెరుగుతుంది, ఇది జ్వరంతో పాటు గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. 2004లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశీలనలో జ్వరం, మెడ బిగువు, స్పృహలో తేడా మూడూ కలిసి కనిపించిన పెద్దలు 44 శాతమే. తలనొప్పిని కూడా కలిపితే, నాలుగింటిలో కనీసం రెండు ఉన్నవారు 95 శాతం. కాబట్టి అన్ని లక్షణాలూ వచ్చేదాకా ఆగకూడదు.

ప్రాణం తీసేది ఒక్క ఇన్ఫెక్షనే కాదు. పుర్రె లోపల చోటు లేనందున, వాచిన మెదడు కిందికి నెట్టుకొచ్చి, ఊపిరిని నడిపే మెదడు కాండాన్ని నొక్కేస్తుంది. మెదడులోని నీరు ప్రవహించే దారి మూసుకుపోతే ఒత్తిడి పెరుగుతుంది, వాచిన రక్తనాళాలు మూసుకుపోతే పక్షవాతం వస్తుంది, ఫిట్స్ రావచ్చు, బ్యాక్టీరియా రక్తంలోకి పాకితే బీపీ పడిపోయి కిడ్నీల వంటి అవయవాలు దెబ్బతింటాయి. అందుకే యాంటీబయాటిక్ మొదటి డోసుకు కాస్త ముందు గాని, దానితో పాటు గాని వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు డెక్సామెథాసోన్ ఇస్తారు. 2002లో 301 మంది పెద్దలపై జరిగిన పరీక్షలో దానివల్ల మరణాలు 15 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఈ జబ్బు సోకిన ఆరుగురిలో ఒకరు మరణిస్తున్నారు.

మధుమేహం ఉన్నవారు, ప్లీహం తీయించుకున్నవారు, 65 ఏళ్లు దాటినవారు న్యూమోకాకస్ టీకా గురించి తమ వైద్యులను అడగాలని కోరాము. టీకా ఖర్చులో సంఘం కొంత భరించాలా అన్నదానిపై కార్యవర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు. చెవిలోని ఇన్ఫెక్షన్ మెదడు పొరలకు పాకవచ్చు కనుక ఏటా చెవి పరీక్ష శిబిరం మాత్రం తప్పనిసరని అందరూ అంగీకరించారు. ఈ రెండు అంశాలనూ సర్వసభ్య సమావేశం నిర్ణయానికి ఉంచుతున్నాము.