బోర్డు మీద జిల్లా పేరు

కందుకూరు,
2022 ఆగస్టు 14

ఒరేయ్ మాల్యాద్రీ,

ఎట్టున్నావురా? ఫోన్లో చెబితే సగం వినకుండానే ఊఁ కొడతావని ఉత్తరం రాస్తున్నా. మన హైస్కూలు బోర్డుకు మళ్లీ రంగేస్తున్నారు. ఏప్రిల్లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపారు కదా. పెయింటరు ‘ప్రకాశం’ అన్నచోట గీకుతుంటే, పాల కోసం బయల్దేరినవాణ్ణి అరగంట అక్కడే నిలబడిపోయా.

మా నాన్న ఎస్సెస్సెల్సీ పుస్తకంలో ఉన్నదీ నెల్లూరు జిల్లానే. అప్పుడది డిస్ట్రిక్ట్ బోర్డు హైస్కూలు. 1959లో జిల్లా పరిషత్తులొచ్చి పేరు మారినా, ఆయన చివరిదాకా ‘బోర్డు స్కూలు’ అనే అనేవాడు. 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్లాం, 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు. మన టెన్త్ సర్టిఫికెట్లలో అదే ఉంది. ఇప్పుడు తొమ్మిది చదివే మా తమ్ముడి కూతురికి మళ్లీ నెల్లూరు, ముందు పొట్టి శ్రీరాములు గారి పేరుతో. మా ఇంట్లో ఎవరూ ఊరు కదిలింది లేదు!

అసలు సంగతి వేరే. ఈ 23కి ప్రకాశం పంతులు గారు పుట్టి నూటయాభై ఏళ్లు. ఏటా చేసే జయంతి ఈసారి చెయ్యాలా వద్దా అని స్టాఫ్ రూములో చర్చంట. కొత్తగా వచ్చిన ఓ మాస్టారు, ‘మనమిప్పుడు నెల్లూరోళ్లం కదండీ’ అన్నాడంట. నాకు ఒళ్లు మండి హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్లా. శ్రీరాములు గారు 58 రోజులు పస్తుండి ప్రాణమిస్తే వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి ఈయనే కదా, ఇద్దరి ఫొటోలూ పెట్టండి సార్, దండల ఖర్చు నాది అన్నా. ఆయన నవ్వి టీ తెప్పించాడు.

మన తెలుగు మాస్టారు గుర్తున్నాడా? జయంతి రోజు ప్రార్థనలో ఉపన్యాసం ఇచ్చేవాడు కాదు, కథ చెప్పేవాడు. తండ్రి పోయాక వాళ్లమ్మ ఒంగోల్లో పూటకూళ్ల ఇల్లు పెట్టి, ఊరోళ్లకు వండి వడ్డించి కొడుకుని చదివించిందని చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గేది. హనుమంతరావు నాయుడు మాస్టారు ఆ పిల్లాణ్ణి చేరదీసిన దగ్గరికొచ్చేసరికి మాత్రం కాస్త గర్వంగా మన వైపు చూసేవాడు. సద్దన్నం తిని నాలుగు మైళ్లు నడిచొచ్చే మనకు అదంతా పక్కింటి కథలాగే ఉండేది.

ఆ తర్వాత నాటిక. 1928లో మద్రాసులో సైమన్ వ్యతిరేక ప్రదర్శన, పంతులు గారు తుపాకీకి గుండె చూపించే సీను. నువ్వు పంతులు గారు, నేను కర్ర తుపాకీతో సిపాయిని. ‘కాల్చరా!’ అని చొక్కా లాగితే గుండీలన్నీ తెగి ఒకటి ముందు వరసలో సైన్సు మాస్టారి ఒళ్లో పడింది. స్కూలంతా చప్పట్లు, నీకేమో ఇంట్లో వీపు విమానం మోత. అసలు ఆ వేషం ఇంకో మాల్యాద్రికి రావాల్సింది. మన క్లాసులో మాల్యాద్రులు నలుగురు కదా, రిహార్సలు శనివారం పెట్టేసరికి మిగతా ముగ్గురూ తమ పేరుగల మాల్యాద్రి నరసింహస్వామి దర్శనానికి మాలకొండ వెళ్లారు. గుడి తెరిచేది ఆ ఒక్కరోజే మరి.

జయంతి ఖాయమైంది, నాటికతో సహా. మంగళవారం, ఉదయం పది గంటలకి. సెలవు పెట్టి రారా. ఈసారి పంతులు గారి వేషం ఓ ఎనిమిదో తరగతి పిల్లాడిది. గుండీల బదులు హుక్కులు కుట్టించమని వాళ్లమ్మకు ముందే చెప్పా.

నీ,
సిపాయి