మా నల్లా నీళ్లతో పప్పు ఉడకదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే హైదరాబాద్ శివారు కాలనీల నీటి ఎద్దడి మీద పత్రికలో వరసగా వార్తలు వస్తాయి. ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు, ఎండిన బోర్లు, ఖాళీ బిందెలతో ధర్నాలు. అవన్నీ రావాల్సిన వార్తలే. మా కాలనీలో మాత్రం బోర్లు ఇంకా ఎండలేదు, నల్లా తిప్పితే నీళ్లు వస్తున్నాయి. దాంతో మాకు నీటి సమస్యే లేదని అందరూ అనుకుంటున్నారు. ఆ నీళ్లు ఎలాంటివో అడిగినవాళ్లు లేరు.

మేం కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో మా అత్తయ్యగారు కందిపప్పు బాగాలేదని మూడు కొట్లు మార్పించారు. కుక్కర్ ఆరు విజిల్స్ వేసినా పప్పు పలుకుగానే ఉండేది. చివరికి ఎదురింటావిడ చూసి, "పప్పుల బోరు నీళ్లు పోస్తే ఉడకదమ్మా, క్యాన్ నీళ్లు పోయండి" అన్నారు. అదే పప్పు, అదే కుక్కర్, మూడు విజిల్స్‌కే మెత్తగా అయింది. పప్పుగింజలో కణాలను అంటించి ఉంచే పెక్టిన్‌ను నీళ్లలోని కాల్షియం ఇంకా బిగించేస్తుందని, అందుకే గింజ మెత్తబడదని తర్వాత తెలుసుకున్నాను. అప్పటి నుంచి వంటకు క్యాన్ నీళ్లే కొంటున్నాం.

కిందటేడు కాలనీలో కొందరం కలిసి మా బోరు నీళ్లు ల్యాబ్‌కి ఇచ్చాం. కఠినత్వం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లెక్క, లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి 200. వేరే దారి లేనప్పుడు 600 వరకు సర్దుకోవచ్చని అదే ప్రమాణం చెబుతుంది. మేం ఆ రెండోది కూడా దాటేశాం. సులువుగా చెప్పాలంటే, వెయ్యి లీటర్ల ట్యాంకు నింపిన ప్రతిసారీ అరకిలోకి పైగా సున్నపురాయికి సమానమైన ఖనిజాలు మా ఇంట్లోకి వస్తున్నాయి. అవి ఎక్కడో ఒకచోట పేరుకోవాల్సిందే కదా!

ఎక్కడ పేరుకుంటాయో మాకు బాగా తెలుసు. గీజర్ ఎలిమెంట్ రెండేళ్లలో రెండుసార్లు పోయింది. మెకానిక్ విప్పి దులిపితే గుడ్డు పెంకుల్లాంటి తెల్లటి పెచ్చులు గిన్నెడు రాలాయి. ఆ పెచ్చు ఎలిమెంట్‌ని కప్పేస్తే నీళ్లకు వేడి సరిగ్గా అందదు, కరెంటు బిల్లు పెరుగుతుంది. షవర్ రంధ్రాలు పూడిపోతాయి. స్టీలు గ్లాసులు ఎంత తోమినా ఆరాక తెల్ల మచ్చలే. సబ్బు నురగ రాదు, జిగురుగా ఒంటికి అంటుకుంటుంది. పిల్లల తెల్ల యూనిఫాం ఆరు నెలలకే మాసిన రంగుకొస్తుంది. మా ఆడపడుచుగారి ఇంటికి కృష్ణా నీళ్లు వస్తాయి. అక్కడ నాలుగు రోజులుంటే చాలు, మా అమ్మాయి జుట్టు మెత్తగా అవుతుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెడుతున్నది బాత్రూమ్ కడగడం. నేల మీద, నల్లాల చుట్టూ గట్టిపడిన తెల్లపొర చీపురుకి రాదు. కాబట్టి ప్రతి ఇంట్లోనూ యాసిడ్ సీసా ఉంది. ఆ యాసిడ్ పోసి రుద్దేది ఇంటివాళ్లు కాదు, పనికి వచ్చే ఆడవాళ్లు. కిటికీ సరిగ్గా లేని చిన్న గదిలో, చేతులకు తొడుగులు లేకుండా, ఆ పొగ పీలుస్తూ కడుగుతారు. మా ఇంట్లో పనిచేసే ఆమె వేళ్ల చివర చర్మం ఊడిపోయి చూపించేదాకా నాకు ఆ ధ్యాసే లేదు. సిగ్గుపడ్డాను. ఇప్పుడు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి, కాసేపు నాననిచ్చి నేనే రుద్దుతున్నాను. ఈ లేఖ చదివేవారికి ఒక విన్నపం: యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలిపి పోయించకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

అనవసరంగా ఎవరినీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కఠినత్వం దానికదే విషం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరోగ్యం కోణంలో దీనికి పరిమితి పెట్టలేదు. కిడ్నీలో రాళ్లు ఈ నీళ్ల వల్లేనని మా కాలనీలో గట్టిగా నమ్ముతారు కానీ అది తేలిన విషయం కాదు. అయితే బోరు నీళ్లలో ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా ఉండవచ్చు. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో నల్గొండను చూసిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పరీక్ష చేయించకుండా మా నీళ్లలో ఏది ఉందో, ఏది లేదో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు ఎవరి తిప్పలు వాళ్లు పడుతున్నారు. డబ్బున్నవాళ్లు కఠినత్వం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నారు. దాన్ని ఉప్పుతో శుభ్రం చేసిన ప్రతిసారీ ఆ ఉప్పునీళ్లు కాలువలోకి, అక్కడి నుంచి నేలలోకి పోతాయి. ఆర్‌ఓ మిషన్ ఒక బిందె మంచినీళ్లిచ్చి, అంతకు మించిన నీళ్లు బయటకి వదిలేస్తుంది. ట్యాంకర్ తెప్పించుకుంటే అదీ పక్క వెంచర్లోని బోరు నీళ్లే. అద్దెకుండేవాళ్లకి ఈ దారులు కూడా లేవు. గీజర్ పాడైతే ఓనర్ పట్టించుకోడు, మార్చుకునే స్తోమత వీళ్లకుండదు.

కింద ఉన్నది గ్రానైటు రాయి. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచి ఖనిజాలను కరిగించుకుంటాయి. పై నీళ్లు తోడేసి వెయ్యి అడుగులకు పోయింది మనమే. వాన నీళ్లలో కఠినత్వం దాదాపు ఉండదు, అవి ఇంకితే కింది నీళ్లు కొంతైనా పలచబడతాయి. భూగర్భ జలాలను, చెట్లను కాపాడేందుకు వాల్టా చట్టం వచ్చింది 2002లో. మా వీధిలో ఇంకుడు గుంత ఉన్న ఇళ్లు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు నగరానికి వస్తున్నాయి. ఆ లైను మా కాలనీ మొదటి రెండు వీధుల దాకా వచ్చి ఆగింది. ఇరవై నాలుగు గంటలూ ఇవ్వమని మేం అడగడం లేదు. వంటకీ తాగడానికీ సరిపడా, రెండు రోజులకి ఒక గంట ఇచ్చినా చాలు. అంతవరకు అధికారులు కాలనీకి నీళ్లిచ్చే ప్రతి బోరునూ ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్షించి, కఠినత్వం, ఫ్లోరైడ్, నైట్రేట్ అంకెలు ఆ బోరు దగ్గరే బోర్డు మీద తెలుగులో రాయించాలి. ఫ్లాట్లు అమ్మేవాళ్లు కూడా బ్రోచర్లో ఈత కొలను బొమ్మ పక్కన ఆ అంకె వేయాలని నిబంధన పెట్టాలి. మాకు అమ్మినవాళ్లు "నీళ్లకి ఢోకా లేదు" అన్నారు, మేం అంతకు మించి అడగలేదు. అప్పుల్లో దిగి ఇల్లు కొనేవాళ్లకు ఆ సంగతి ముందే తెలియాలి.

మీ విలేకరి వస్తే మా ల్యాబ్ రిపోర్టు, మా గీజర్లోంచి తీసి డబ్బాలో దాచిన ఆ పెచ్చులు చూపిస్తాను.

ఇట్లు,
ఒక గృహిణి,
హైదరాబాద్ శివారు