‘మైసెల్ఫ్’తో మొదలెట్టకండి

సంపాదకుల వారికి,

ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునేవారిని పరిచయం చేసుకోమంటే చాలామంది ‘మైసెల్ఫ్ రవి’ అంటారు. ‘మైసెల్ఫ్’ కర్తగా నిలవదు, ‘ఐ యామ్ రవి’ చాలు.

అసలు చిక్కు మన వాక్యంలోనే ఉంది. ‘నేను టీచర్ని’ అనడానికి తెలుగులో క్రియ అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో కావాలి. అందుకే ‘ఐ టీచర్’ అని నోరు జారుతుంది. ‘యామ్’ ఒక్కటి చేర్చినా సరిపోదు, వృత్తి ముందు ‘ఎ’ ఉండాలి: ‘ఐ యామ్ ఎ టీచర్’. ‘ఇంజినీర్’ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి అక్కడ ‘యాన్’. అన్నదమ్ముల సంగతి చెప్పేటప్పుడు ‘ఐ యామ్ హావింగ్’ వద్దు, ‘ఐ హావ్’ అనండి.

మూడేళ్లుగా పనిచేస్తుంటే ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్’. ‘సిన్స్’ పక్కన 2021 లాంటి మొదలైన ఏడాది రావాలి, గడిచిన కాలం కాదు. ఈ తప్పు బాగా చదువుకున్నవారిలోనూ కనిపిస్తుంది!

పేరు, ఊరు, పని, ఒక ఇష్టం: నాలుగు వాక్యాలు, అర నిమిషం. పేరు మాత్రం నిదానంగా పలకాలి, అవతలివారు దాన్ని మొదటిసారి వింటున్నారు. పేజీ నిండా బట్టీపడితే మధ్యలో ఒక్క ప్రశ్న ఎదురైనా దారం తెగుతుంది.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయిని