ఉత్తరపు గోడ మీద ఎండ

కడప,
జూన్ 12

ప్రియమైన మిత్రమా,

ఇక్కడ మేమంతా క్షేమం. నీవు, చెల్లెమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉగాది నుంచి మా పెరట్లో తీసిన ఫొటోలలో పన్నెండింటిని ఏరి, కాగితం మీద వేయించి, ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ప్రతి దాని వెనక తేదీ, వేళ రాశాను. దయచేసి వాటిని ఆ వరుసలోనే చూడు, ఎందుకంటే నాకు తెలిసివచ్చిన సంగతి ఏ ఒక్క ఫొటోలోనూ లేదు, ఒకదాని తరువాత ఒకటి చూస్తేనే కనిపిస్తుంది.

అన్నిటినీ ఒకే చోట నిలబడి తీశాను. పెరట్లో పరిచిన నల్లబండల మీద రంగుతో ఒక గీత గీసుకుని, కాళ్లు అక్కడే ఆనించేవాణ్ణి. ఎడమ పక్క మల్లెపొద, నడుమ అలసంద తీగ, కుడివైపు బీరపందిరి, వెనుక మన మిద్దె ఉత్తరపు గోడ. కెమెరాలో రంగులను సర్దే వైట్ బ్యాలెన్సును ఆటోలో ఉంచకుండా, పగటి వెలుగుకు సరిపడే 5500 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టాను. ఆటోలో ఉంటే దుమ్ముగాలి రేగిన సాయంత్రపు పసుపును కెమెరా సరిదిద్దేస్తుంది, అప్పుడు ఏ రోజు వాతావరణం ఎలా ఉందో ఫొటో చెప్పలేదు.

మొదటి మూడింటిలో, నడిమధ్యాహ్నం తీసినా, గోడ నీడలోనే ఉంది చూడు. నాలుగోది ఏప్రిల్ 29న పన్నెండు దాటాక తీసింది. అందులో ఏ మొక్కకూ పక్కన నీడ లేదు, ఉన్న కాస్తా మొక్క మొదలు దగ్గరే ముద్దగా పడి ఉంది. కడప దాదాపు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ చివరలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన నిలుస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు నడుమ దాకా మనకు ఉత్తరంగానే ఉంటాడు, అదీ ఉదయం నుంచి సాయంత్రం దాకా. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఉంటున్నా ఈ సంగతి నేను గమనించనే లేదు. ఎండ ముదిరిందని కనకాంబరం కుండీలు ఆరింటిని మే మొదట్లో తెచ్చి ఆ గోడ వారనే పెట్టాను, చలికాలమంతా అక్కడ చల్లగా ఉండేది గనక. అయిదు ఎండిపోయాయి. నీళ్లు చాలలేదని రెండు పూటలా పోశాను. అయిదో ఫొటోను నాలుగోదాని పక్కన పెట్టి చూసినప్పుడు గాని, గోడంతా తెల్లగా వెలిగిపోతూ ఉన్నదని, ఆ మొక్కలను నా చేతులతోనే ఎండలో పెట్టానని అర్థం కాలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆరోది, ఏడోది కలిపి చూడు. రెండూ రోహిణి కార్తెలో ఒకే రోజున తీసినవి, ఉదయం ఏడింటికి ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకటి. పొద్దున అరచెయ్యిలా విచ్చుకున్న అలసంద ఆకు మధ్యాహ్నానికి పక్కకు తిరిగి, సూర్యుడికి కేవలం తన అంచునే చూపిస్తోంది. అది వాడటం కాదు, ఎండను తప్పుకోవడం. పక్కనే బీర ఆకులు మాత్రం తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి, పాదులో తడి ఉన్నా సరే. మా అమ్మ ఆ ఫొటో చూసి, మధ్యాహ్నం వాడిన బీరను చూసి కంగారుపడకూడదని, పొద్దు వాలాక కూడా తేరుకోకపోతేనే నీళ్లు పోయాలని చెప్పింది.

మల్లెను తీయడానికి నాకు నెల పట్టింది. చుట్టూ ఉన్న ముదురాకుపచ్చను చూసి కెమెరా వెలుతురు తక్కువనుకుంటుంది, దాంతో రేకులు సున్నపు ముద్దలవుతాయి. అందుకని ఎక్స్‌పోజరును, అంటే కెమెరా తీసుకునే వెలుగును, ఒక మెట్టు తగ్గించాను. నల్లబండ వెలుగును మింగేస్తుంది కాబట్టి పొద కింద పాత తెల్లపంచె పరిచాను, అప్పుడు ఆకుల అడుగుభాగాలకూ కాస్త వెలుగు అందింది. ఎనిమిదోదాన్ని దగ్గరగా పెట్టుకుని చూడు: సాయంత్రం ఆరింటికి మొగ్గ కొన దగ్గర రేకులు ఇంకా మెలితిరిగే ఉన్నాయి, వాటి మీద సన్నని ఎర్రదుమ్ము, ఆ దుమ్ములో నీటిచుక్క జారిన ఒక తెల్లని చార.

పదోది గాలివాన రోజుది. ఈదురుగాలికి 1/1000 సెకను వేగంతో తీసినా బీర తీగ కొన కదిలిపోయింది. ఆకాశం సీసంలా ఉండగా పడమట ఒక్క చీలికలోంచి ఎండ వచ్చి పందిరి మీద పడింది. అంత మంచి వెలుగు ఈ వేసవిలో మళ్లీ దొరకలేదు, అది ఉన్నది నాలుగైదు నిమిషాలే. చివరి రెండింటిలో బండలు తడిసి, ఆకాశం వాటిలో కనిపిస్తోంది. మిగిలిన ఆ ఒక్క కనకాంబరం చిగురించింది, పన్నెండో ఫొటోలో కుడి మూలన ఉంది.

మీ హైదరాబాదు ఇంకా ఉత్తరాన ఉంది కనుక అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది మే రెండో వారంలో. మీ ఇంటి ఉత్తరపు గోడ పక్కన కరివేపాకు కుండీ పెట్టావని పోయిన ఉత్తరంలో రాశావు. ఈ ఉత్తరం అందగానే దాన్ని దక్షిణం వైపుకు జరుపు, ఆగస్టు మొదటి వారం దాకా అక్కడే ఉంచు. జరిపే ముందు ఒక ఫొటో తీసి నాకు పంపడం మరువకు.

ఇట్లు,
నీ మిత్రుడు